వాడినవారు ఒక్కరు

“ఆ ఫోను పక్కకు పెడతవా, పొయ్యిల పెట్టుమంటవా?” అన్నాడు సుదర్శన్, చాయ్ గ్లాసు కోసం చెయ్యి చాపుతూ.

శోభ రెండు చేతులకూ జొన్నపిండి అంటుకుని ఉంది. పెనం మీద రొట్టె ఒకవైపు కాలింది, రెండో వైపు తిప్పాలి. గూట్లో పెట్టిన ఫోను అప్పటికే మూడుసార్లు గునిసి ఊరుకుంది. ఎవరో ఆడపిల్లే. డిగ్రీ పరీక్షలు ఇరవై రోజుల్లో ఉన్నాయనగా ఇంత పొద్దున్నే మెసేజ్ పెట్టేది ఆడపిల్లలే. పిండి అంటని చిటికెన వేలితో తెర జరిపి చూసింది. ‘మేడం, నాలుగో సెమిస్టర్ ఎకనామిక్స్ పోయినేటి పేపర్ పంపుండ్రి. మా అత్త లేవకముందే చూసుకొని ఫోన్ అక్కడనే పెట్టాలె.’ శోభ రొట్టె తిప్పింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. కాలేజీ లైబ్రరీ పేజీ తెరిచి, తన పేరు కొట్టి, తన పాస్‌వర్డు కొట్టి, ఆ పేపరు దించి ఆ పిల్లకు పంపింది. అంతా కలిపి రొట్టె రెండో వైపు కాలేంత సేపు.

“కాలేజీ పని కాలేజీల చేస్తరు ఎవరన్న. పొయ్యి కాడ గూడ అదే పని జేస్తె నీకేమన్న బిరుదిస్తరానే?” సుదర్శన్ ఆర్టీసీ కండక్టరు. డ్యూటీకి పోయే ముందు ఒక మాట అనకుండా చెప్పులు తొడగడు. “రొట్టె మాడితె మాత్రం నాకే పెడతవ్.”

“మాడలే.”

“మాడలేదా? నల్లగున్నదాన్ని ఏమంటరు మీ కథలాపూర్ల?”

మంచంలో పడుకున్న అత్త మొగిలవ్వ కళ్లు తెరవకుండానే అందుకుంది. “దానికి దేవుడు నాలుగు చేతులు పెట్టాలె గదా కొడుకా. రెండు మనకు, రెండు ఊరోళ్లకు.”

కొడుకు నవ్వాడు. శోభకు కోపం రావలసిన మాటే. కానీ అది నిజమే అనిపించి, ముసలిదానికి చాయ్‌లో కొంచెం ఎక్కువ చక్కెర వేసి ఇచ్చింది.

శోభది కథలాపూర్. తండ్రి సాయిలు తాళ్లెక్కి కల్లు దించి, ముగ్గురు బిడ్డల్లో ఈమెను ఒక్కదాన్నే డిగ్రీ దాకా చదివించాడు. పెళ్లయ్యాక జగిత్యాలలో ఉండి, దూరవిద్యలో లైబ్రరీ కోర్సు చేసింది. ఆ రెండేళ్లూ ఇంట్లో అన్న మాటలు ఇప్పటికీ వరుసగా అప్పజెప్పగలదు. ‘పుస్తకాలు అల్మారల పెట్టనీకె గూడ చదువాలెనా?’ అన్నాడు సుదర్శన్. ‘గిన్నెలు గూట్ల పెట్టనీకె నేను ఏ కాలేజీకి పోలే’ అంది మొగిలవ్వ. తొమ్మిదేళ్ల నుంచి ఊళ్లో ఉన్న డిగ్రీ కాలేజీలో అవుట్‌సోర్సింగ్ అసిస్టెంటు. ప్రతి ఏడూ ఏప్రిల్‌లో, వచ్చే ఏడు ఉంటావో ఊడతావో ఎవరూ చెప్పరు. జూన్‌లో ఒక కాగితం వస్తే ఉన్నట్టు.

ఆరేళ్ల కింద కాలేజీకి ఒక స్కానరూ కంప్యూటరూ వచ్చాయి. ఎనిమిది నెలలు అట్టపెట్టె కూడా విప్పలేదు. దాని మీద అటెండరు టిఫిన్ డబ్బా పెట్టుకునేవాడు. విప్పింది శోభ. పాత ప్రశ్నపత్రాలు, పిల్లలు రాసిన ప్రాజెక్టు రిపోర్టులు, ఎప్పుడో ఆగిపోయిన కాలేజీ పత్రికలు, ఒక్కొక్కటి దులిపి, పురుగు తిన్న చోట వేలితో సరిచేసి, పేజీ పేజీ స్కాన్ చేసి కంప్యూటర్లో ఎక్కించింది. బీడీలు చుట్టే ఆడవాళ్ల నడుం నొప్పుల మీద ఎవరో పిల్ల రాసిన రిపోర్టు, ఇబ్రహీంపట్నం పసుపు రైతుల మీద ఒకటి, ధర్మపురిలో గోదావరి పొంగినప్పుడు మునిగిన ఇళ్ల మీద ఒకటి. ఇలాంటివన్నీ రాసినవాళ్లే మరిచిపోయి, పెళ్లిళ్లయి ఎక్కడెక్కడికో పోయారు. మొత్తం నాలుగు వేల పైచిలుకు. పెద్దవాళ్లు దాన్ని డిజిటల్ రిపాజిటరీ అన్నారు. అటెండరు కంప్యూటర్ల బీరువా అన్నాడు. మొదటి పేజీ మీద ‘రూపకల్పన: శ్రీహరి, లైబ్రరీ ఇన్‌చార్జి’ అని పడింది. శ్రీహరి కామర్స్ లెక్చరరు. దాని మీద రెండు సదస్సుల్లో పత్రాలు చదివి వచ్చాడు. రెండోసారి వచ్చినప్పుడు సదస్సు వాళ్లిచ్చిన ప్లాస్టిక్ ఫోల్డరు శోభకిచ్చి, “మీ కోసమనే తెచ్చిన శోభగారు” అన్నాడు. ఆమె అందులో కరెంటు బిల్లులు పెట్టుకుంది.

మొదట్లో ఎవరి ఖాతా వాళ్లే తెరుచుకోవాలని అనుకున్నారు. అక్కడే వచ్చింది తంటా. ఖాతా తెరవాలంటే అడ్మిషన్ ఫారంలో రాసిన నంబరుకు ఓటీపీ వస్తుంది. ఈ పక్క ఊళ్లల్లో ఆడపిల్ల అడ్మిషన్ ఫారంలో ఆడపిల్ల నంబరు ఎవరు రాస్తారు? తండ్రిదో అన్నదో మొగుడిదో రాస్తారు. ఆ మొగుళ్లలో సగం మంది గల్ఫులో. కోరుట్ల నుంచి వచ్చే తబస్సుమ్ అనే పిల్ల లైబ్రరీ కంప్యూటరు ముందు కూర్చుని మీట నొక్కితే, ఆరంకెల సంఖ్య మస్కట్‌లో క్రేన్ మీదున్న ఆమె మొగుడు సల్మాన్ ఫోనుకు పోయింది. అతను భయపడి, బ్యాంకులో డబ్బులు ఎవరో గుంజుకుంటున్నారని అక్కడి నుంచి తండ్రికి ఫోను. ఆ తండ్రి ఫజలుద్దీన్ దుకాణం అట్లే వదిలి బ్యాంకుకు పరుగు. బ్యాంకువాడు ఖాతా బిగించేశాడు. ఇలాంటివి వారంలో ఏడయ్యాయి. అప్పుడు శ్రీహరి చేతులు దులుపుకుని అన్నాడు. “ఈ పంచాయతీ అంత ఎందుకు శోభగారు, మీ ఐడీ ఉన్నది గద. ఎవరు ఏమడిగినా మీరే తీసి వాట్సప్‌ల పంపేయండ్రి. పిల్లలకు కావలసింది కాగితం గాని ఖాతా కాదు.”

అప్పటి నుంచీ ఆమె పంపుతూనే ఉంది. అడిగేవాళ్లు కాలేజీకి వచ్చే పిల్లలు మాత్రమే కాదు. పేరు రిజిస్టర్లో ఉండి, పెళ్లయి, పరీక్ష రోజుల్లో మాత్రమే పుట్టింటికి పోతున్నామని చెప్పి వచ్చి రాసిపోయేవాళ్లు ఎక్కువ. ఏ పిల్లకు ఏ గంటలో పంపాలో శోభకు నోటికి తెలుసు. పేపర్లు మిగిలిపోయి ఇప్పటికీ రాస్తున్న తబస్సుమ్‌కు మధ్యాహ్నం నమాజు వేళ తర్వాత, అత్త ఫోనుకు. మెట్‌పల్లి పిల్లకు తెల్లవారుజామున. సిరిసిల్ల వనితకు రెండు నుంచి నాలుగు మధ్యన మాత్రమే. అప్పుడు ఆమె మొగుడు సాంచాల షెడ్డులో డ్యూటీ మీద ఉంటాడు, మగ్గాల మోతలో వినబడదని ఫోను ఇంట్లో పెట్టి పోతాడు. శోభ కూర కలుపుతూ, బట్టలు పిండుతూ, బస్సులో నిలబడి, డాక్టరు దగ్గర అత్త వరుస కోసం కూర్చుని పంపేది. కాలేజీలో కూర్చుని చేసిన పనికి జీతం ఉంది. ఈ పనికి పేరు కూడా లేదు. ఉన్న ఒక్క పేరు సుదర్శన్ పెట్టింది: ‘దాని ఫోను పిచ్చి’.

ఆ నెలలోనే యూనివర్సిటీ నుంచి కాగితం వచ్చింది. కాలేజీల్లో ఉన్న ఈ డిజిటల్ లైబ్రరీలను ఎంతమంది వాడుతున్నారు, వాటి విలువ ఎంత అని లెక్క తీస్తారట. వాడకం లేనివి మూసేస్తారట. అది మూస్తే దాన్ని చూసుకునే మనిషి పోస్టు కూడా మూసినట్టే, అది కాగితంలో లేకున్నా అందరికీ తెలుసు. కాగితం చదివి శోభ నిజానికి సంతోషపడింది. వాడకానికేం తక్కువ? చూడనీ. ఎవరో ఒకరు చూడనీ.

చూడ్డానికి వచ్చినాయన పేరు ప్రేమ్‌సాగర్. నలభై లోపే ఉంటాయి. మర్యాదస్తుడు. అటెండరును కూడా మీరు అన్నాడు. ప్రిన్సిపాల్ గదిలో లాప్‌టాప్ తెరిచి, ఆరేళ్ల లెక్క దించాడు. ప్రిన్సిపాల్, శ్రీహరి ఎదురుగా కూర్చున్నారు. శోభ తలుపు పక్కన నిలబడింది. కుర్చీ ఒకటి ఖాళీగానే ఉంది, ఎవరూ కూర్చోమనలేదు.

“డౌన్‌లోడ్లు పదకొండు వేల నాలుగు వందలు,” అన్నాడు ప్రేమ్‌సాగర్. “చాలా బాగుంది. జిల్లాలో ఇంత ఎక్కడా లేదు.” తెర ఇంకొంచెం కిందికి జరిపాడు. కనుబొమలు దగ్గరకొచ్చాయి. “వాడినవారు… ఒక్కరు.”

“ఒక్కరంటె?” అన్నాడు ప్రిన్సిపాల్.

“ఒక్కరే సార్. అన్నీ ఒకే ఐడీ మీద పోయినాయి. శోభ అని ఉంది.”

ప్రిన్సిపాల్ కుర్చీలో వెనక్కి వాలి కడుపుబ్బ నవ్వాడు. “శోభమ్మా, ఇవన్ని నువ్వొక్కదానివే చదివినవా? మరి ఐఏఎస్ ఎందుకు రాయకపోతివి?”

అటెండరు కూడా నవ్వాడు. శోభ శ్రీహరి వైపు చూసింది. ఆయన తన పెన్ను మూత తీసి, పెట్టి, తీసి, పెట్టి చూసుకుంటున్నాడు. ఒక్క మాట అనవచ్చు. ‘నేనే చెప్పిన సార్ అట్ల చెయ్యమని.’ అయిదు పదాలు. ఆమె ఎదురు చూసింది. పెన్ను మూత టిక్కుమంటూనే ఉంది.

చివరికి ఆమే చెప్పింది, ఓటీపీల గురించి, మస్కట్ గురించి, ఆడపిల్లల చేతిలో ఫోను ఉండే గంటల గురించి. చెప్తుంటే తనకే అది వంకలా వినబడింది. ప్రేమ్‌సాగర్ మాత్రం శ్రద్ధగా విన్నాడు. “నేను నమ్ముతున్న మేడం. కానీ నమ్మకానికి ఇందులో కాలమ్ లేదు. వాడినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు రాసివ్వండి. మేం కొందరికి ఫోన్ చేసి అడుగుతాం. అవునంటే వాళ్లను లెక్కలో వేసుకుంటాం.”

“ఇప్పుడే ఒకరికి చెయ్యుండ్రి సార్, తేలిపోతది,” అన్నాడు శ్రీహరి, మొదటిసారి నోరు తెరిచి. “శోభగారు, బాగ చదివే పిల్ల నంబరు ఒకటి చెప్పండి.”

ఆ క్షణాన్ని తర్వాత ఎన్నిసార్లు వెనక్కి తిప్పుకుందో. బాగా చదివే పిల్ల అనగానే ఆమె మనసులో గర్వంలాంటిది ఒకటి లేచింది. నవ్విన ప్రిన్సిపాల్‌కు చూపించాలనిపించింది. వనిత పేరే నోటికొచ్చింది. సిరిసిల్లలో సాంచాలకు నూలు కండెలు చుట్టుకుంటూ, చుట్టిన చేతులతోనే ఒక్క ఏడాదిలో మూడు వందల రిపోర్టులు చదివిన పిల్ల. చదివి ఊరుకోకుండా, ‘మేడం, ఇందుల నలభయ్యో పేజీల కూలి లెక్క తప్పు రాసిన్రు’ అని రాసిన పిల్ల. నంబరు చెప్పింది. చెప్పాక గోడ గడియారం కనబడింది. పదకొండున్నర.

“సార్, రెండు దాటినంక చెయ్యుండ్రి.”

“ఇప్పుడు చేస్తె ఏమైతది శోభగారు?” అన్నాడు శ్రీహరి.

ఏమవుతుందో చెప్పేలోగా ప్రేమ్‌సాగర్ ఆ నంబరు కొట్టేశాడు. అందరూ వినేలా స్పీకరు పెట్టాడు.

“ఎవరు?” మగ గొంతు.

“నమస్కారమండి, యూనివర్సిటీ నుంచి. వనిత గారున్నారా?”

“వనితతోని నీకేం పని? పేరు నీకెట్ల తెలుసు?”

“ఆమె లైబ్రరీ నుంచి పుస్తకాలు తెప్పించుకుంటున్నారా అని…”

“మా ఇంట్ల చదువుకునేటోళ్లు ఎవ్వరు లేరు. ఇంకోపారి చేసినవంటె చూడు.”

ప్రేమ్‌సాగర్ ఫోను పెట్టేసి, కాగితం మీద ఒక గీత గీసి, పక్కన రాశాడు. శోభ నిలబడ్డ చోటి నుంచి కనబడింది: ‘ధ్రువపడలేదు’. పదిరోజుల గడువిచ్చాడు, పూర్తి జాబితా ఇవ్వమని. ఫారం ఆమె చేతికే ఇచ్చాడు.

మర్నాడు తెలియని నంబరు నుంచి మెసేజ్ వచ్చింది. ‘మేడం, నేను వనితక్క చెల్లెను. ఎవడో మొగోడు పేరు పెట్టి అడిగిండని బావ ఫోన్ గుంజుకున్నడు. చెయ్యి చేసుకున్నడు. అక్క ఇగ పరీక్ష రాయదు. గా నంబరుకు ఏం పంపకుండ్రి.’

శోభ ఆ రోజు పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. సుదర్శన్ కంచం పక్కకు నెట్టి అడిగితే, మొత్తం చెప్పకుండా సగం చెప్పింది, వాడినవారు ఒక్కరే అని లెక్క తేలిందని. అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు.

“మా బస్సుల ఆడోళ్లు ఊకెనే పోతరు. అయినా తలకో సున్నా టికెట్ కొడతం. పైస రాకున్నా తల లెక్కల పడుతది. నీ కాడ అది గూడ లేకపాయె. ఆరేండ్లు ఏం జేసినవే?” ఆ తర్వాత కొంచెం మెత్తబడి, “రాసియ్యి అందరి నంబర్లు. నీ అవ్వగారి సొమ్మా ఏందది?” అన్నాడు.

అతను తప్పుగా అనలేదు, అదే ఆమెను ఎక్కువ కోసింది. తల లెక్కలో పడాలి. ఎన్నేళ్లుగా ఆమె కూడా అదే కోరుకుంది. ఈ ఇంట్లో గ్యాసు బుక్ చేసేది ఆమె, పుస్తకం సుదర్శన్ పేరు. మొగిలవ్వ గుండె మందులు గుర్తుపెట్టుకునేది ఆమె, ‘నా కొడుకు మంచిగ చూసుకుంటడు’ అని చుట్టాలతో ముసలిది. కొడుకు నితిన్ కరీంనగర్ హాస్టల్లో ఉండి ఫోను చేస్తే, తండ్రితో మాట్లాడి, ‘అమ్మకు చెప్పు, బట్టలు పంపుమని’ అంటాడు. ఇంట్లో ఆమె చేతి మీదుగా పోయినవన్నీ వేరేవాళ్ల పేరు మీద చేరాయి. కాలేజీలో మాత్రం వేరేవాళ్లు చదివినవన్నీ ఆమె పేరు మీద చేరాయి. రెండు చోట్లా ఆమె పని ఎక్కడా కనబడలేదు. ఇప్పుడు కనబడే దారి దొరికింది, చేతిలో ఫారం ఉంది. ఆ దారి ఒక్కొక్క ఆడపిల్ల ఇంటి లోపలి నుంచి పోతుంది.

ఆదివారం పొద్దున రెండు పూటలకూ వండిపెట్టి, తల్లిని చూసొస్తానని చెప్పి, సిరిసిల్ల బస్సెక్కింది. అడ్మిషన్ రిజిస్టర్లో వనిత చిరునామా ఉంది. ఆ వాడకట్టంతా సాంచాల చప్పుడు. మనుషులు పక్కపక్కన నిలబడి కేకలేసుకుంటున్నారు. తలుపు తీసే ఉంది. లోపల నేల మీద వనిత కండెల మిషను ముందు కూర్చుని ఉంది. ఫొటోలో తప్ప ఆ పిల్లను చూడలేదు శోభ, అయినా గుర్తుపట్టింది. చెంప మీద పసుపు పూసి ఉంది. ఆరేడు రోజుల పసుపు.

గడప మీద కూర్చున్న అత్త తలెత్తింది. “ఎవరు గావాలమ్మా?”

“ఎవరో అత్తా. నాకు తెల్వది,” అంది వనిత.

అడిగింది శోభను. జవాబు చెప్పింది వనిత. అది వినగానే శోభ గడప బయటే ఆగింది. లోపలి నుంచి మొగుడు బనీనుతో బయటికొచ్చాడు. పాతికేళ్లుంటాయి, కళ్లు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. రాక్షసుడిలా ఏమీ లేడు. ఎవరింట్లోనైనా ఉండే పిల్లగాడిలా ఉన్నాడు.

“జగిత్యాల లైబ్రరి మేడమా నువ్వు?”

చెప్పాలనుకున్నవి బస్సులో వరుసగా పేర్చుకుంది. తప్పు తనదని, ఫోను చేసినాయన మంచివాడని, ఆ పిల్ల దొంగతనంగా ఏమీ చెయ్యలేదని. వనిత ముఖం ఎత్తలేదు. చేతి కింద పోగు తెగింది. ముడి వేసి మళ్లీ తిప్పింది. ఆ ముడి వేసిన తొందర చూస్తే శోభకు అర్థమైంది, తను ఒక్క మాట అన్నా దాని బాకీ తను పోయాక ఆ పిల్లే తీర్చాలని.

“లైబ్రరీ ఏంది కొడుకా? మా చుట్టాల ఇల్లనుకొని వచ్చిన. ఇల్లు తప్పిన.”

“ఎవరిల్లు?”

నోటికి తండ్రి పేరే వచ్చింది. “సాయిలు ఇల్లు.”

“గీ వాడకట్టుల సాయిలు ఎవ్వడు లేడు.”

“లేడా,” అంది శోభ. నిజమే, చనిపోయి పదకొండేళ్లయింది. వెనక్కి తిరిగింది. బస్టాండు దాకా ఏడుపు రాలేదు. బస్సులో పక్కన కూర్చున్నామె కిటికీ సీటు ఇచ్చినప్పుడు, ఎందుకో ఆ చిన్న దయకు, వచ్చింది.

సోమవారం నుంచి మధ్యాహ్నం బువ్వ తినే గంటలో, అల్మారాల వెనక నిలబడి ఒక్కొక్కరికీ వాళ్ల వాళ్ల గంటలు చూసుకుని ఫోన్లు చేసింది. పేరు రాయనా అని అడిగింది. కొందరు ఏడ్చారు. కొందరు ఎత్తనే లేదు. సరే అన్నవాళ్లు ఒక చేతి వేళ్లకు సరిపోయారు. కోరుట్లకు చేస్తే తబస్సుమ్ అత్త అజీజున్నీసా ఎత్తింది. ఆమె ఫోను మీదే కోడలి చదువు నడుస్తోంది.

“పరేషాన్ ఎందుకు మేడమ్మా? నా పేరే రాయి. ఫోన్ నాది, పుస్తకాలు గూడ నావే అంటె అయిపాయె.”

“మీరు చదువుతరా అని అడుగుతరమ్మా.”

“చదువు రాదని వానికి ఎవరు చెప్తరు? మా ఆయన కండ్లద్దాలు పెట్టుకొని కూసుంట.” నవ్వింది. శోభ కూడా నవ్వింది, వారం తర్వాత. కాసేపటికి ఆ గొంతు తగ్గింది. “గని ఇప్పుడొద్దు తల్లీ. సల్మాన్ వచ్చే నెల మస్కట్ నుంచి వస్తుండు. వాడు మంచోడే. మంచోడైనా, వానికి చెప్పకుంట చేసిన పని అంటె మంచిగుండడు. పరీక్షలు కానీ, నేనే చెప్పుకుంట. అప్పటిదాక నా కోడలి పేరు బయట పెట్టకు. నీకు దండం పెడుత.”

“పెట్టనమ్మా,” అంది శోభ. అన్నాక తెలిసింది, మాట ఇచ్చింది ఆ ఒక్కామెకు కాదని.

సరే అన్న ఆ కొద్దిమందినైనా రాయాలనుకుంది మొదట. కానీ పేర్లు రాస్తే మిగతా పేర్లేవని అడుగుతారు. ఉన్నారని ఒప్పుకుంటే ఎవరని అడుగుతారు. లేరంటే ఎవరూ లేరనాలి. గడువుకు ముందు రోజు శ్రీహరి లైబ్రరీకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాడు.

“లిస్టు ఇచ్చెయ్యండి శోభగారు. నాదేముంది, నేను పర్మినెంట్. పోయేది మీ పోస్టే. మీ మంచికే చెప్తున్న.”

“సార్, అందరికీ నా ఐడీ మీదనే తీసియ్యుమన్నది మీరే. గదొక్క మాట రాసియ్యుండ్రి. మా పిల్లల జోలికి పోకుంట అయిపోతది.”

ఆయన ఆమె బల్ల మీది స్టాంపు ప్యాడు మూత సరిగ్గా పెట్టాడు. “అది నోటి మాట కద శోభగారు. రాతల లేదు గద.” లేచి పోతూ, “ఫోన్ నాకియ్యుండ్రి, నేనే తీసుకుంట నంబర్లు. మీ మీద రాకుంట,” అన్నాడు.

“రేపు తెస్త సార్,” అంది.

ఆయన పోయాక బల్ల దగ్గర కూర్చుంది. అటెండరు తాళాలు పట్టుకుని తచ్చాడుతుంటే, ఈరోజు తనే వేస్తానని పంపేసింది. పరీక్షలకు ఏ పిల్లకు ఏమేం కావాలో ఆమెకు తెలుసు. అడిగేదాకా ఆగలేదు. పాత పేపర్లు, రిపోర్టులు, ఎవరి గంట అప్పుడు నడుస్తుందో వాళ్లకు ముందు, మిగతావాళ్లకు మర్నాడు పొద్దున్న పొయ్యి దగ్గర, పంపింది. పంపుతూ కొన్ని తెరిచింది. తెరవడం ఆమెకు అలవాటే, సరైన కాగితమేనా అని చూడాలి కదా అని తనకు తాను చెప్పుకునేది. ధర్మపురి వరదల రిపోర్టులో ఒక ముసలామె, నీళ్లొస్తే ముందు మేకను ఎత్తుకున్నానని చెప్పిన చోటు ఆమెకు కంఠతా వచ్చు. అది ఎన్నోసారి చదవడమో తెలియదు. అన్నీ పంపాక, తొమ్మిది గంటల బస్సులో నిలబడి, ఆరేళ్ల మాటలు ఒక్కొక్క పేరు దగ్గర వేలు నొక్కిపట్టి తుడిచేసింది. నంబర్లు కూడా. వనిత దగ్గర వేలు కొంచెం ఆగింది. ఆ కూలి లెక్క తప్పని చెప్పిన మెసేజ్ ఒకసారి చదువుకుని, దాన్నీ తుడిచింది.

ప్రిన్సిపాల్ గదిలో అందరూ వాళ్ల వాళ్ల చోట్లలోనే కూర్చుని ఉన్నారు. శోభ ఈసారి ఖాళీ కుర్చీ జరుపుకుని కూర్చుంది. ఎవరూ అనలేదు, ఆమె అడగలేదు. ఫోను తీసి శ్రీహరి ముందు పెట్టింది. ఆయన తెరిచి, కిందికి జరిపి, పైకి జరిపి, ఆమె ముఖం చూసి, మెల్లగా ఆమె వైపు నెట్టాడు.

ఫారం ప్రేమ్‌సాగర్ చేతికిచ్చింది. వంద పేర్లు పట్టే గళ్లలో మొదటి గడి మాత్రమే నిండి ఉంది.

“మేడం,” అన్నాడు ఆయన నెమ్మదిగా. “ఒక్క పేరే ఉంది. మీది.”

“అవును సార్.”

“మొన్న మీరు పిల్లలకు పంపిన అన్నారు కదా?”

“లెక్క తక్కువ కనబడుతదని అట్ల చెప్పిన సార్. పిల్లలు ఎవ్వరు లేరు.”

“ఇది ఇట్లా పోతే ఇక దీన్ని ఉంచరు మేడం. మీకు తెలుసు కదా. మీ పోస్టు కూడా…”

“తెలుసు సార్.”

ప్రిన్సిపాల్ నవ్వడానికి నోరు తెరిచి, ఎవరూ నవ్వకపోవడం చూసి మూసుకున్నాడు. ప్రేమ్‌సాగర్‌కు కొంత అర్థమయినట్టే ఉంది. కాని ఆయన ముందున్న తెరలో దానికి చోటు లేదు. ఫారంలో ఆమె ఖాళీగా వదిలేసిన చివరి గడి మీద పెన్ను ఆనించి, ఆమె వైపు తిప్పాడు. ఏ ప్రయోజనం కోసం అని ఉంది అక్కడ.

“పదకొండు వేలు. ఎవరి కోసం తీసినట్టు రాసుకోమంటారు మేడం?”

శోభ పెన్ను తీసుకుంది. ఇరవై రెండేళ్ల కాపురంలో, తొమ్మిదేళ్ల ఉద్యోగంలో, చేసిన ఏ పనికీ ఆమె ఎన్నడూ వాడని మాట ఒకటుంది. దాన్ని తొందరపడకుండా, చదవడానికి వీలుగా, గుండ్రటి అక్షరాలతో రాసింది.

‘నా కోసం.’

కింద సంతకం పెట్టింది.